దమ్ముచక్రముల ఎంపిక

సూర్యాపేటనుండి ఖమ్మమునకు పోవు బాటలో మోతె పరిసరముల నడచువారికి, నాట్లకాలమున, రోడ్డుమీద ఒక వింతవ్రాత కనబడుచుండును. ఏటవాలుగా కొట్టిన గంట్లు రెండు వరుసలై, జానెడు దూరమునకొకటి చొప్పున తారు అంచున సాగి, ఏదో ఒక పొలముదారివద్ద హఠాత్తుగా దిగిపోవును. ఎవరో పెద్ద ఉలి చేతబట్టి పనిగట్టుకొని చెక్కినట్లుండును. అది ట్రాక్టరు నడచిన జాడ. వరిమడి దమ్ముచేయుటకై వెనుక టైర్లప్రక్కన బిగించిన ఇనుపచక్రములు విప్పకయే బండిని రోడ్డెక్కించినందువలన కలిగిన గాయము. మనవైపున ఈ చక్రములను కేజీవీల్సు అందురు. కోస్తావైపున దమ్ముచక్రములనియు అందురు.

ఈ ప్రసంగమున నేను చెప్పబూనినది ఆ చక్రములను గురించియే. ఏ పొలమునకు ఎట్టి చక్రము తగును, దాని కొలతలు ఎట్లు చూచుకొనవలెను, దానివలన కలుగు పట్టు ఎప్పుడు మేలు చేయును, ఎప్పుడు ప్రాణము తీయును అనునవి విషయములు. జత చక్రములు కొనబోవు రైతు సాధారణముగా అడుగునది రెండే ప్రశ్నలు: బరువెంత, ధరయెంత. వెల్డింగు దుకాణమువాడును ఆ రెంటికే జవాబు చెప్పును. నీ పొలము రేగడా, చెలకా, అడుగున గట్టి ఎంతలోతున నున్నది అని అడుగువాడును లేడు, చెప్పువాడును లేడు. వడ్లకు విత్తనము ఎంచునప్పుడు నేలను గూర్చి పదిమందిని అడుగు మనము, ఇనుము కొనునప్పుడు మాత్రము తూకమునే నమ్ముకొందుము.

మన ప్రాంతమున ఈ చక్రములకు ఇంత పని ఏల కలిగినదో కొంచెము చెప్పవలెను. పూర్వము ఇచ్చట వరి అనగా చెరువుక్రింది మాట. మిగిలిన చెలకలలో జొన్న, ఆముదము, కంది పండెడివి. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదలిరి. ఎడమకాలువకు లాల్‌బహదూర్ కాలువ యని పేరు. దానితో మిర్యాలగూడ, హుజూర్‌నగరు, కోదాడ ప్రాంతములు వరిసీమలైనవి. మిర్యాలగూడలో బియ్యపు మిల్లులు వెలసినవి. మోతెవైపునకు శ్రీరామసాగరు రెండవదశ కాలువలు తరువాతి కాలమున వచ్చినవి. కాలువనీటికి ఒక నియమమున్నది. చెరువునీరు ఊరివారి చేతిలోనిది; ముందువెనుకలు సర్దుకొనవచ్చును. కాలువనీరు వదలిన వెంటనే ఊరిలోని మళ్లన్నియు ఒక్కమారే తడియును. అందరికిని ఆ రెండుమూడు వారములలోనే దమ్ము కావలెను, నాటు కావలెను. అంత పని ఎద్దులజతలతో సాగునది కాదు. అందుచేత ట్రాక్టరు మడిలో దిగినది. దిగిన ట్రాక్టరు దిగబడినది. దిగబడకుండుటకు ఇనుపచక్రము వచ్చినది.

దిగబడుట యనగా ఏమి? మన ఊళ్లలోని ట్రాక్టర్లలో చాలభాగము రెండు చక్రములతో నడచునవి. ఇంజనులోని శక్తి వెనుకనున్న రెండు పెద్దచక్రములకే పోవును. ముందరి చిన్నచక్రములు దారి చూపుటకే కాని లాగుటకు కావు. కాబట్టి రెండువేల కిలోల బండిని ముందుకు నెట్టవలసిన భారమంతయు ఆ రెండు వెనుక టైర్లు నేలను పట్టుకొను రెండు చోట్లమీదనే నిలిచియున్నది. తారురోడ్డుమీద రబ్బరునకును రాతికిని గల రాపిడియే పట్టు. పొలములో సంగతి వేరు. అచ్చట టైరుమీది గట్లు మట్టిలో గ్రుచ్చుకొని, ఆ మట్టిని వెనుకకు త్రోసి, బండిని ముందుకు జరుపును. అనగా మట్టి తనంతట తాను నిలువగలిగినంతవరకే చక్రము నిలువగలదు. రేగడిలో బంకమన్ను హెచ్చు. అది నీరు త్రాగి ఉబ్బును. ఎండినప్పుడు గునపమునకు లొంగనిది, తడిసినప్పుడు వెన్నవలె జారును. టైరుగట్టు త్రోసిన వెంటనే ఆ మట్టి తెగిపోవును. చక్రము తిరుగును, బండి కదలదు. తిరిగినకొలది గట్లనడుమ సందులలో బురద నిండి, టైరు నున్నని గుమ్మడికాయవలె అగును. ఇక అది పట్టదు, త్రవ్వును. ఇరుసు వరకు దిగిన తరువాత ట్రాక్టరు పొట్ట బురదమీద ఆనును. అప్పటికి రైతునకు తెలియును.

ఇనుపచక్రము ఇచ్చట రెండు పనులు చేయవలెను. వెడల్పువలన బండిని తేల్చవలెను. పలకలవలన అడుగునున్న గట్టిమట్టిని అందుకొని పట్టవలెను. ఈ రెంటిలో నీ పొలమునకు ఏది హెచ్చుగా కావలెనో తెలిసికొనుటయే ఎంపికలోని సగము పని.

ఈ చిక్కు మనకొక్కరికే లేదు. చలిదేశములలో మంచు కురిసిన రోడ్డుమీద మోటారుకార్లకు ఇదే అవస్థ. అమెరికాలో న్యూయార్కు రాష్ట్రమందలి కనస్టోటా ఊరివాడు హ్యారీ వీడు అనునతడు టైరుచుట్టు చుట్టు ఇనుపగొలుసునకు 1904లో పేటెంటు పొందెను. అంతకుముందు అచ్చటివారు బురదలోను మంచులోను చక్రములకు త్రాళ్లు చుట్టి నెట్టుకొని వచ్చెడివారు. గొలుసు అడ్డుకమ్ములు మంచులో గ్రుచ్చుకొని పట్టు నిచ్చును. నేడు మన సూర్యాపేట, కోదాడల పిల్లలు ఎందరో ఆ దేశమున ఉద్యోగములు చేయుచున్నారు. కాలిఫోర్నియాలో నుండువారు చలికాలమున సియెర్రా నెవాడా కొండలమీదుగా టాహో సరస్సునకు పోవునప్పుడు, గొలుసులు వేసికొననిదే ముందుకు పోరాదను బోర్డులు చూచి తెల్లబోవుట కద్దు. అచ్చట మంచు తీవ్రతను బట్టి మూడు మెట్ల నిబంధనలున్నవి. రెండవమెట్టులో నాలుగుచక్రములతో నడచు బండికి, నాలుగు మంచుటైర్లు ఉన్నచో, మినహాయింపు కలదు. రెండుచక్రముల బండికి లేదు. మూడవమెట్టులో ఎవ్వరికిని లేదు.

ఆ గొలుసులు ఎంచుకొను పద్ధతి విన్నచో మనకు పనికివచ్చు నాలుగు మాటలు దొరకును. గొలుసు నడిపించు చక్రములకే వేయవలెను. అచ్చటి కార్లలో అనేకములకు ముందరి చక్రములే నడిపించునవి గనుక ముందరనే వేయుదురు. అలవాటున వెనుక వేసినవాని శ్రమ వృథా. టైరుప్రక్కన అచ్చువేసిన అంకెలు చూచి ఆ కొలతకు సరిపడు గొలుసునే కొనవలెను. టైరునకును బండి లోపలి భాగములకును నడుమ గొలుసు పట్టునంత సందున్నదో లేదో ముందే చూచుకొనవలెను. గంటకు ముప్పది మైళ్లకు మించి పోరాదు. మంచులేని రోడ్డు వచ్చినంతనే దిగి విప్పవలెను. విప్పకున్నచో గొలుసు తెగును, టైరు చెడును, రోడ్డు చెడును. మంచు అను మాటకు బదులు బురద యని వేసికొన్నచో ఈ మాటలలో ఒక్కటియు మనకు పనికిరానిది లేదు.

రెండు వెనుకచక్రములకును సమానముగా పట్టు ఉండవలెనని నేను చెప్పుదును. దీనికి కారణము కాడిని చూచినవారికి సులభముగా తెలియును. కాడికి నడుమ కట్టిన నాగలిని రెండెద్దులు లాగుచున్నవనుకొనుడు. ఒక ఎద్దు కాలు జారి వెనుకబడినచో కాడి ఆ వైపునకు ఒరగును. రెండవ ఎద్దు ఎంత బలమైనదైనను, కాడి తిరిగిపోవునే కాని నాగలి కదలదు. బలహీనమైన ఎద్దు ఎంత లాగునో బలమైన దాని లాగుడు కూడ అంతవరకే ఫలించును. ట్రాక్టరు వెనుక ఇరుసునడుమ నున్న డిఫరెన్షియల్ అను పళ్లచక్రముల పెట్టె సరిగా కాడివంటిది. మలుపులో ఒక చక్రము ఎక్కువగా, ఒకటి తక్కువగా తిరుగుటకై దానిని పెట్టిరి. అది రెండువైపులకును సమానమైన బలమునే పంచును. ఒక చక్రము బురదలో జారి వట్టిగా తిరుగుచున్నచో, గట్టినేలమీదనున్న రెండవచక్రమునకును ఆ కొద్దిపాటి బలమే అందును. అది కదలక నిలిచియుండును. అందుచేత ఒక్కవైపుననే చక్రము బిగించుట, ఒకవైపు అరిగినది వేరొకవైపు క్రొత్తది వేయుట మొదలైన పొదుపులు పొదుపులు కావు. డ్రైవరు కాలివద్ద డిఫరెన్షియల్ లాకు అను మీట యుండును. అది కాడిని కదలకుండ కట్టివేసినట్లు రెండు చక్రములను ఒక్కటిగా తిప్పును. తిన్నగా పోవునప్పుడు, క్లచ్చు నొక్కి, దానిని వాడవచ్చును. మలుపులో దాని జోలికి పోరాదు. ఇది ఉన్నదని తెలియక పదేండ్లు ట్రాక్టరు నడపినవారిని నేనెరుగుదును.

ఇక పొలము సంగతి. చక్రము కొనుటకు దుకాణమునకు పోవుటకు ముందు, తడిపిన మడిలోనికి ఒక గట్టికర్ర తీసికొని దిగవలెను. నాలుగు మూలలను, నడుమను, తూముదగ్గర పల్లమునను కర్రను నిలువుగా గ్రుచ్చి, అడుగుగట్టి ఎంతలోతున తగులునో చూడవలెను. మడి యంతయు ఒకే తీరుగా నుండదు. చూడవలసినది అన్నింటికంటె లోతైన చోటు. ఎర్రచెలకలో ఇసుకపాలు హెచ్చుగనుక జానెడు లోపలనే గట్టి తగులును. అట్టిచోట మంచిగట్లున్న టైరే చాలవరకు పని చేయును. టైరుప్రక్కన సన్నని చక్రము చేర్చిన చాలును. అది కూడ పట్టుకొరకు కంటె, మన్ను చక్కగా మెదుగుటకే హెచ్చుగా ఉపకరించును. ఎద్దులతో నాలుగు సాళ్లు త్రొక్కించిన పని ఆ పలకలు ఒకటి రెండు తిరుగుళ్లలో చేయును. రేగడిలో పిక్కలవరకు దిగబడు మడులున్నవి. అచ్చట వెడల్పైన చక్రము కావలెను. మోకాలు మునిగినను గట్టి తగులని చోట, కాలువప్రక్కన ఊటమడులలో, ఏ చక్రము బిగించినను రెండువేల కిలోల బండిని దింపరాదు. ట్రాక్టరు పొట్ట బురదకు తగిలినదా, ఇనుపచక్రము చేయగలది ఏమియు లేదు. అట్టి మూలలకు తేలికయైన పవర్‌టిల్లరో, ఇంకను ఊరిలో మిగిలియున్న ఎద్దులో దిక్కు. మడిలోని ఆ నాలుగుకుంటలకొరకు పెద్దచక్రము కొన్నవాడు, మిగిలిన పొలమంతటను అనవసరమైన లోతు త్రవ్వుకొనును.

మనవైపున హెచ్చుగా వాడుకలోనున్నది సగముచక్రము. రబ్బరు టైరును ఉంచి, దాని వెలుపలిప్రక్కన చక్రపుపళ్లెమునకు బోల్టులతో బిగించు ఇనుపపంజరము ఇది. దీని కొలతలు కొంచెము ఓపికతో చూడవలసినవి. మొదట టైరుప్రక్కనున్న అంకెలు. 13.6-28 అని యున్నచో టైరు వెడల్పు 13.6 అంగుళములు, లోపలి ఇనుపచట్రము వ్యాసము 28 అంగుళములు అని అర్థము. చిన్నబండ్లకు 12.4-28, పెద్దవానికి 14.9-28 వచ్చుచుండును. పలకల కొనలతో కలిపి కొలిచిన చక్రపు వ్యాసము టైరు వ్యాసముకంటె కొంచెము తక్కువగా నుండవలెను. అట్లున్నచో గట్టిదారిమీద బరువంతయు టైరుమీదనే నిలుచును. టైరు రెండుమూడు అంగుళములు దిగిన తరువాతనే పలకలు పనిలోనికి వచ్చును. పట్టు హెచ్చునని ఆశించి టైరును మించిన వ్యాసము చేయించుకొనువారున్నారు. వారి ట్రాక్టరు ఒడ్డుమీదను, బాటమీదను ఇనుపకాళ్లతోనే నడచును. బోల్టులు వదులగును, ఇరుసుబేరింగులు మ్రోగును, నడుపువాని నడుము చెప్పనక్కరలేదు.

వెడల్పు విషయమునను ఇట్టి ఆశయే. చక్రము వెడల్పైనకొలది బండి తేలును, మడి త్వరగా పూర్తియగును; నిజమే. కాని ఆ వెడల్పంతయు టైరునకు వెలుపల వ్రేలాడునది. కావడిబద్ద కొనకు బరువు జరిపినకొలది భుజమునకు భారము హెచ్చునట్లు, ఇరుసుకొనపై భారము హెచ్చును. చిన్నచిన్న మళ్లలో ఒడ్లు విరుగును, మలుపు దొరకదు. కుంటల లెక్కను మళ్లున్న పొలములో వెడల్పుచక్రము పెండ్లిపందిరిలో ఏనుగువంటిది.

పలకలు సాధారణముగా ఎల్‌ఆకారపు ఇనుపబద్దలు. వాని నడుమ దూరము నేలనుబట్టి యుండవలెను. జిగురురేగడికి దూరదూరముగా నుండవలెను. దగ్గరగా నున్నచో సందులలో బంకమన్ను గట్టిపడి, చక్రము పీపావలె అగును, పట్టు పోవును. చెలకకు కొంచెము దగ్గరగా నున్నను మన్ను రాలిపోవును. మరీ దూరమైనచో బండి ఎగురుచు నడచును. పలకలు ఏటవాలుగా నున్నచో కుడిఎడమలు వేరువేరు. జోళ్లవలె ఇవి జతలు; మార్చి బిగించినచో బురదను ప్రక్కకు నెట్టవలసినది టైరుక్రిందకే తెచ్చును. టైరుగోడకును ఇనుమునకును నడుమ కనీసము మూడు వ్రేళ్ల సందుండవలెను. బరువు పడినప్పుడు టైరు ప్రక్కలకు ఉబ్బును. ఆ ఉబ్బు ఇనుపకడ్డీకి రాచుకొన్నచో టైరు కోసికొనిపోవును. చక్రము అరువు తెచ్చుకొను వారికి ఎక్కువగా జరుగు నష్టమిదియే. ప్రక్కవాని 12.4 టైరునకు సరిపోయినది తన 14.9 టైరునకు సరిపోవునని తెచ్చి బిగింతురు. అతుకులు కూడ చూడవలెను. పలకమొదట వెల్డింగు రెండువైపుల నుండవలెను. ఒకవైపు మాత్రము చుక్కలు పెట్టినది మొదటి రాతికే ఊడును.

నిండుచక్రము వేరు. రబ్బరు చక్రమును పూర్తిగా విప్పి, దాని స్థానమున ఇనుపచక్రమునే ఇరుసునకు బిగించుట. టైరు అరుగుదల లేదు, బురద అంటుకొను తావు తక్కువ, లోతుమళ్లలో దీని పని చక్కనిది. కాని ఇది బిగించిన బండి ఇక పొలము దాటి రాదు. చక్రములను ట్రాలీలో వేసికొని పోవలెను, మడివద్ద జాకీ పెట్టి ఎత్తవలెను, పని తీరినతరువాత మరల రబ్బరుచక్రములు బిగింపవలెను. ఇద్దరు మనుష్యులు, ఒక గట్టినేల, గంటకు పైగా కాలము. పొలమంతయు ఒకచోట ఉన్నవానికిది తగును. ఊరికి నాలుగుప్రక్కల రెండెకరములచొప్పున చీలియున్నవానికిని, కిరాయికి తిరుగు ట్రాక్టరునకును ఇది తగదు. తగదని తెలిసియు కొన్నవాడు విప్పక రోడ్డెక్కును.

రోడ్డు మాట వచ్చినది గనుక చెప్పెదను. పొలములో వాడు టైరులోని గాలి మెత్తనిది. దాని అడుగు అరచేయివలె పరచుకొని బరువును పంచును. ఇనుపపలక అంచు వెడల్పు చిటికెనవ్రేలంత. అదే బరువు ఆ అంచుమీద నిలిచినప్పుడు తారు గంటుపడుట వింత కాదు. ఆ గంటులో వాననీరు నిలుచును, క్రింది కంకర కదలును, ఏడాది తిరుగులోపల అది గుంటయగును. ఏటేట నాట్లకాలమున అధికారులు హెచ్చరించుచునేయున్నారు. పట్టుబడినవారికి జరిమానాలు పడుచునేయున్నవి. ఈ తగవు క్రొత్తది కాదు. పశ్చిమదేశములలో తొలికాలపు ట్రాక్టర్లన్నియు ఇనుపచక్రములవే. వానిని రోడ్డుమీద నడుపుటకు పలకలపై నున్నని ఇనుపపట్టెను తొడిగెడివారు. 1932లో అమెరికాలో ఆలిస్ చామర్స్ కంపెనీవారు గాలినింపిన టైర్లతో ట్రాక్టరును అమ్మకమునకు తెచ్చినతరువాత ఇనుము క్రమముగా పోయినది. అక్కడ పోయిన ఇనుము మన వరిమడిలో నిలిచినది. రైతు పక్షమున కూడ ఒక మాట చెప్పవలెను. పొలమునకు పోవు మట్టిబాట లేనిచోట, బురదకాళ్లతో నిలుచుండి నాలుగుమార్లు విప్పి బిగింపుమనుట సులభము, చేయుట కష్టము. అందుచేత కొనునప్పుడే త్వరగా విప్పదగిన బిగింపులు, ఒకే కొలత బోల్టులు, ఒకే పానా పట్టునట్లు చేయించుకొనవలెను. తూకములో రెండు కిలోలు తగ్గించుటకంటె ఇది ముఖ్యము.

ఇప్పుడు ప్రాణముల సంగతి. వరిమడిలో ట్రాక్టరు వెనుకకు తిరుగబడి నడుపువాడు దానిక్రింద బురదలో చిక్కి మరణించిన వార్తలు నాట్లకాలమున పత్రికలలో వచ్చుచుండును. చదివినవారు వేగమనియో, మద్యమనియో అనుకొందురు. అనేక పర్యాయములు కారణము వేరు. బండి దిగబడినది, డ్రైవరు క్లచ్చు హఠాత్తుగా వదలి ఇంజనును గట్టిగా త్రొక్కినాడు. బురదలో ఇరుకుకొన్న చక్రము తిరుగలేదు. ఇంజను శక్తి ఎక్కడికో పోవలెను గదా! చక్రము తిరుగలేనప్పుడు ట్రాక్టరే చక్రముచుట్టు తిరుగును. ముందరిచక్రములు లేచును, ముక్కు ఆకాశమువైపు పోవును, ఒకటిన్నర సెకనులోపల బండి వెల్లకిల పడును. సగముకాలము గడచునప్పటికే ఇక ఆపుటకు వీలులేని స్థితి వచ్చును. క్లచ్చు నొక్కవలెనని తోచులోపల అంతయు ముగియును. రబ్బరుటైరు ఇట్టి సమయమున జారి, ఆ విధముగా కొంత రక్షించును. ఇనుపచక్రము జారదు. దాని గుణమే దాని దోషము.

దిగబడిన బండిని తీయుటకు వెనుకచక్రముల ముందర కర్రమొద్దు పెట్టి, దానిని గొలుసుతోనో త్రాటితోనో చక్రమునకు కట్టి, చక్రము మొద్దు నెక్కునట్లు నడుపు ఉపాయమొకటి ఊళ్లలో వాడుకలో నున్నది. నేనొకమారు కన్నులార చూచితిని. బండి బయటపడినది, అందరును చప్పట్లు కొట్టిరి. ముందరిచక్రములు అంతలో జానెడు పైకి లేచి మరల పడుట ఎవరును గమనించినట్లు లేదు. మొద్దు నేలకు ఆని చక్రమును నిలిపివేసినచో ఆ ముందరిచక్రములు మరల క్రిందికి రావు. ఈ ఉపాయమును మానవలెను. బండి దిగబడుచున్నదని తెలిసిన క్షణముననే ఆపవలెను. ఎంత త్రొక్కిన అంత దిగును. వెనుకనున్న నాగళ్లో రోటవేటరో విప్పవలెను. చక్రముల వెనుక బురదను పారతో తీసి, వచ్చినదారినే రివర్సులో మెల్లగా రాబట్టవలెను. వెనుకకు నడుచునప్పుడు ముక్కు లేవదు, నేలకే ఒత్తుకొనును. అదియు కాకున్నచో గట్టినేలమీద నిలిచిన వేరొక ట్రాక్టరుతో లాగింపవలెను. ఆ లాగు బండికి గొలుసును క్రింది కొక్కెమునకే తగిలింపవలెను. ఇరుసుకంటె ఎత్తున కట్టినచో లాగుబండియే తిరుగబడును. గొలుసు వరుసలో మనుష్యులు నిలువరాదు. బురదగార్డుమీద పిల్లవానిని కూర్చుండబెట్టుకొనుట మన ఊళ్లలో ముద్దు. దమ్ములో అది హత్యకు సమానము. ముక్కుకు ముందర ఇనుపదిమ్మెలు తగిలించుట మేలు. నడుపువాని తలపై దృఢమైన ఇనుపచట్రము పెట్టుట అన్నింటికంటె మేలు. స్వీడను దేశమున 1959నుండి క్రొత్త ట్రాక్టర్లన్నింటికి ఇట్టి చట్రమును నిర్బంధము చేసిరి. తరువాత అచ్చట తిరుగుబాటు మరణములు ఎంతగానో తగ్గినవి. చట్రముండి, నడుముపట్టీ యుండిననే రక్షణ. మన ట్రాక్టర్లలో అనేకములకు ఉన్నది ఎండకు కట్టుకొన్న గుడ్డపందిరి.

లోతును గురించి ఇంకొక మాట మిగిలినది. దమ్ము చేయుట నీరు క్రిందికి ఇంకకుండ ఒక గట్టిపొర నిలుపుకొనుటకు. జానెడు లోతున మెత్తనిమన్ను, దానిక్రింద గట్టి: వరికి ఇంతే కావలెను. ఏడాదికి రెండుమార్లు, వానకాలమునను యాసంగిలోను, లోతుపలకల చక్రములు అదే మడిలో తిరిగినచో గట్టిపొర చెదరి, మెత్తన లోతుకు దిగును. నీరు హెచ్చు కావలసివచ్చును. వచ్చే ఏడు ఇంకను పెద్దచక్రము కావలసివచ్చును. కోతకాలమున టైర్లతో నడచు కోతయంత్రము మడిలో దిగజాలదు. అప్పుడు పట్టెలమీద నడచు చైనుమిషను పిలువవలెను. దాని కిరాయి టైరుమిషను కిరాయికంటె హెచ్చని మిర్యాలగూడ, కోదాడ రైతులకు నేను చెప్పనక్కరలేదు. నాట్లప్పుడు చక్రములో చేసిన దుబారా కోతలప్పుడు లెక్కకు వచ్చును. దమ్ములేకయే పొడినేలలో వడ్లు వెదజల్లు పద్ధతిని అవలంబించినవారికి ఈ చక్రములతోనే పనిలేదు. కాని కలుపు అదుపులో నుండు పొలములకే అది చెల్లును, అది వేరే ప్రసంగము.

పని ముగిసిన నాడే చక్రములను కడిగి, బంకమన్ను ఆరకమునుపే గీకి, పలకమొదళ్లను చేతితో తట్టి చూడవలెను. పగిలిన అతుకు తడిగా నున్నప్పుడు సన్నని గీతవలె కనబడును. ఎండినతరువాత మట్టిక్రింద దాగును. బోల్టులకు పాతయింజను నూనె పూసి, నట్లతో సహా ఒక డబ్బాలో వేసి, ఆ డబ్బాను చక్రమునకే కట్టి నీడను పెట్టవలెను. యాసంగికి నీరు వదలిన ఉదయమున ఊరంతయు పానాలకొరకు పరుగెత్తుచుండగా, ఆ డబ్బా విలువ తెలియును.